రెండో దారి ఉన్న ఇల్లు

2015 డిసెంబరు 23 సాయంత్రం. పశ్చిమ ఉక్రెయిన్‌లోని ఇవానో-ఫ్రాంకివ్స్క్ ప్రాంతానికి కరెంటు పంచే సంస్థ కంట్రోల్ రూములో, ఎవరూ ముట్టుకోకుండానే తెర మీద మౌస్ గుర్తు కదలడం మొదలుపెట్టింది. ఒక్కో సబ్‌స్టేషన్ దగ్గరికి వెళ్లి బ్రేకర్ తెరిచేస్తోంది. ఆపబోయిన ఆపరేటర్‌కు తన కంప్యూటర్‌లోకే ప్రవేశం లేకుండా పోయింది. మూడు పంపిణీ సంస్థల మీద ఒకేసారి జరిగిన ఆ దాడిలో సుమారు 30 సబ్‌స్టేషన్లు ఆగిపోయి, దాదాపు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. ఫిర్యాదు చేద్దామంటే లైను దొరకలేదు, దొంగ కాల్స్‌తో కాల్ సెంటర్‌ను నింపేశారు. దూరం నుంచి బ్రేకర్లను మళ్లీ వేయడానికి వాడే పరికరాలనూ పనికిరాకుండా చేశారు. అయినా కొన్ని గంటల్లోనే, ఆలస్యమైన చోట ఆరు గంటలకు, కరెంటు తిరిగొచ్చింది. ఆ సబ్‌స్టేషన్లలో బ్రేకర్‌ను చేత్తో వేసే ఏర్పాటు ఇంకా ఉంది, అది వేయడం తెలిసిన సిబ్బంది ఉన్నారు. వాళ్లు బళ్లెక్కి వెళ్లి ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చారు.

సైబర్ దాడికి ఇంటిని సిద్ధం చేసుకోవడం అనగానే చాలామంది బియ్యం బస్తాలు, కొవ్వొత్తులు, పవర్ బ్యాంకులు లెక్కపెడతారు. అవి వద్దనను. కానీ వాటికంటే ముందు చూసుకోవలసింది ఒకటుంది. డబ్బు చెల్లించడం, నీళ్లు తెచ్చుకోవడం, మందు వేసుకోవడం, అయినవాళ్లతో మాట్లాడటం, ఊళ్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడం, ఈ పనుల్లో ప్రతిదానికీ ఇంట్లో రెండో దారి ఉండాలి. మొదటి దారి మూతపడినప్పుడు దానితోపాటే అదీ మూతపడకూడదు. ఒకే ఫోన్‌లో మూడు పేమెంట్ యాప్‌లున్న మనిషికి మూడు దారులున్నట్టు కాదు. ఆ మూడూ ఒకే సిమ్ మీద, ఒకే చార్జింగ్ మీద, తరచుగా ఒకే బ్యాంకు ఖాతా మీద నడుస్తాయి. టార్చి, పర్సు, నంబర్ల డైరీ, రేడియో, అలారం గడియారం, ఆస్పత్రి కాగితాలు, అన్నీ వచ్చి ఆ ఒక్క పరికరంలో చేరాయి. ఆ సౌకర్యం నిజమే, ఒకటి ఆగితే అన్నీ ఆగిపోతాయన్నదీ నిజమే.

కరెంటు కోతలు మనకు కొత్తా అని అడిగేవాళ్లుంటారు. కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు, ఫోన్లు, నీళ్లు లేకుండా లక్షల కుటుంబాలు రోజుల తరబడి నెట్టుకొచ్చాయి. 2018లో తిత్లీ శ్రీకాకుళం జిల్లాను అదే పరీక్షకు పెట్టింది. ఆ అనుభవం విలువైనదే, కానీ దాడి వేళ అది సగమే అక్కరకొస్తుంది. తుపానుకు వాతావరణ శాఖ ముందే హెచ్చరిక ఇస్తుంది; ట్యాంకు నింపుకోవడానికీ, ఫోన్ చార్జ్ చేసుకోవడానికీ రెండు రోజులు దొరుకుతాయి. దాడికి హెచ్చరిక ఉండదు. తుపానులో స్తంభాలు విరుగుతాయి, ఎన్ని రోజుల పనో లైన్‌మన్ చూసి చెప్పగలడు. దాడిలో తీగ తెగదు, స్తంభం ఒరగదు, అయినా లోపల దేన్ని నమ్మవచ్చో తేలేదాకా ఇంజనీర్లే వ్యవస్థను ఆపి ఉంచుతారు. పైగా హుద్‌హుద్ నాటికి యూపీఐ పుట్టనే లేదు, అది 2016లో వచ్చింది. అప్పటి ఇబ్బంది, జేబులో నోట్లుండీ కొట్లో సరుకు లేకపోవడం. ఇప్పుడు సరుకు కళ్లెదుట ఉండీ కొనలేని రోజు రావచ్చు.

భారతదేశంలో సైబర్ దాడి వల్లే ఊళ్లు చీకటయ్యాయని అందరూ అంగీకరించిన ఘటన ఇంతవరకు లేదు. 2020 అక్టోబరు 12న ముంబైలో కరెంటు పోయినప్పుడు మహారాష్ట్ర ప్రభుత్వం విద్రోహాన్ని అనుమానించింది, కేంద్ర విద్యుత్ మంత్రి మానవ తప్పిదమన్నారు. మరి భయమెందుకని ఎవరైనా అంటే వాళ్ల మాటలో న్యాయం ఉంది. అయితే మన ఇళ్లను నిజంగా తాకిన దాడులు ఎక్కడ పడ్డాయో చూడాలి. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లను, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ పట్టుకుంది. కరెంటు ఆగలేదు, ఆన్‌లైన్‌లో బిల్లు కట్టే సౌకర్యం ఆగింది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లకు తాళం పడితే ఓపీ చీటీల నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా రోజుల తరబడి చేత్తో రాయాల్సి వచ్చింది. 2024 జులై 31న, చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్‌పై రాన్సమ్‌వేర్ దాడి జరిగిందని తెలియగానే, దాని మీద ఆధారపడిన సుమారు 300 సహకార, గ్రామీణ బ్యాంకులను చెల్లింపుల వ్యవస్థ నుంచి వేరుచేశారు. మర్నాటికి మళ్లీ కలిపారు. ఆ ఒక్కరోజు ఇబ్బంది పడింది ఆ బ్యాంకులోనే ఏకైక ఖాతా ఉన్న రైతు, పెన్షనరు. ఈ ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే మన దగ్గర దాడి ముందు తాకేది డబ్బునీ రికార్డునీ అని తేలుతుంది. అందుకే టార్చితో మొదలుపెట్టమనే సలహాలతో నేను ఏకీభవించను. పర్సుతో, కాగితంతో మొదలుపెట్టాలి.

పర్సు సంగతికి వస్తే, ఇంట్లో వారం రోజుల పాలు, కూరలు, మందులు, ఆటో చార్జీలకు సరిపడా నగదు ఉండాలి. లక్షలు అక్కర్లేదు. డిజిటల్ చెల్లింపుల్లో మనకంటే ముందు నడిచిన దేశాలే ఈ మాట చెబుతున్నాయి: స్వీడన్ ప్రభుత్వం ఇంటింటికీ పంపిన సంక్షోభ కరపత్రంలో నగదు దాచుకోమని ఉంది; నెదర్లాండ్స్ కేంద్ర బ్యాంకు 2025లో పెద్దవాళ్లకు తలా 70 యూరోలు, పిల్లలకు తలా 30 యూరోలు ఇంట్లో ఉంచుకోమంది. మొత్తం కంటే ముఖ్యమైంది చిల్లర. అందరి యాప్‌లూ ఆగిన రోజున కిరాణా కొట్టతను 500 నోటుకు చిల్లర ఇవ్వలేడు. పది, ఇరవై, యాభై, వంద నోట్లుగానే పెట్టుకోవాలి. ఇంట్లో డబ్బుంటే ఖర్చయిపోతుంది, దొంగల భయం అనే అభ్యంతరాలు ఉన్నవే. మన ఇళ్లలో ఆడవాళ్లు పోపుల డబ్బాల్లో, చీరల మడతల్లో దాచిన డబ్బు ఎన్ని గండాలు గట్టెక్కించిందో తెలిసినవాళ్లకు ఆ క్రమశిక్షణ అసాధ్యం కాదు. ఒక కవరులో వేసి, మీద మొత్తం రాసి, తీసినప్పుడు తిరిగి పెట్టే పద్ధతి ఉంటే చాలు. వారం ఖర్చు పక్కన పెట్టలేని కుటుంబాలకు రెండో దారి నగదు కాకపోవచ్చు, వీధి కొట్టు అరువు ఖాతా కావచ్చు. యాప్‌లో పది నిమిషాల్లో సరుకులు తెప్పించుకునే ఇల్లు ఆ కొట్టతనితో పరిచయం పోగొట్టుకుంటే, ఆ దారిని తానే మూసుకున్నట్టు. దీనికి తోడు రెండు వేర్వేరు బ్యాంకుల్లో ఖాతాలు ఉండటం మంచిది, అందులోనూ ఒకటి పెద్ద బ్యాంకు, ఇంకొకటి దగ్గరి బ్యాంకు అయితే మేలు. యూపీఐ లైట్‌లో కొంత వేసి ఉంచితే బ్యాంకు సర్వర్ మొరాయించిన వేళ చిన్న చెల్లింపులకు పనికొస్తుంది. ఫోన్ నెట్‌వర్కే పోతే మాత్రం దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

నెట్‌వర్కే పోవడం ఊహ కాదు. 2023 డిసెంబరు 12న ఉక్రెయిన్‌లో అతిపెద్ద మొబైల్ సంస్థ కీవ్‌స్టార్ మీద జరిగిన దాడిలో దాదాపు 2.4 కోట్ల మంది ఫోన్లు మూగబోయాయి. కొన్ని బ్యాంకుల ఏటీఎంలు, కార్డు మిషన్లు ఆ సిమ్‌ల మీదే నడుస్తుండటంతో అవీ ఆగాయి. కొన్నిచోట్ల వైమానిక దాడుల సైరన్లు కూడా మోగలేదు. జనం వేరే కంపెనీ సిమ్‌ల కోసం దుకాణాల ముందు బారులు తీరారు. కుటుంబంలో నలుగురికి నాలుగు ఫోన్లుండి నాలుగింటి సిమ్‌లూ ఒకే కంపెనీవైతే అదంతా ఒకే దారి. ఇంట్లో కనీసం ఒక సిమ్ వేరే కంపెనీది ఉంచి, అది చెల్లుబాటులో ఉండేలా చూసుకోవాలి.

కాగితాన్ని చిన్నచూపు చూడొద్దు. ఒక నోటు పుస్తకంలో ఇంటిల్లిపాదికీ కావలసిన ఫోన్ నంబర్లు, ప్రతి ఒక్కరి మందుల పేర్లూ మోతాదులూ, రక్తపు గ్రూపు, పడని మందులు, గ్యాస్ కనెక్షన్, కరెంటు సర్వీసు, ఆరోగ్య బీమా పాలసీ నంబర్లు చేత్తో రాసి పెట్టండి. దానికి చివరి ప్రిస్క్రిప్షన్ల, ఆధార్ల జిరాక్సులు జతచేయండి. పిన్‌లూ పాస్‌వర్డ్‌లూ మాత్రం అందులో రాయకూడదు. ఆస్పత్రి కంప్యూటర్లు ఆగిన రోజున తన ఈసీజీ, తన షుగర్ రిపోర్టు చేతిలో పట్టుకొచ్చిన రోగిని డాక్టరు వెంటనే చూడగలరు. అంతా వాళ్ల సిస్టమ్‌లో ఉందనుకుని వచ్చిన రోగి మళ్లీ పరీక్షల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. పాస్‌బుక్ నెలకోసారి అచ్చు వేయించుకోవడం కూడా ఇలాంటిదే. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నలకు మందులు, సరుకులు యాప్‌లో పంపించే పిల్లలు ఒకటి గమనించాలి. ఆ పెద్దవాళ్ల బతుకు మీ ఫోన్‌కూ వాళ్ల ఫోన్‌కూ మధ్య ఉన్న లంకె మీద నడుస్తోంది. అది తెగిన రోజు తలుపు తట్టే మనిషి ఒకరు ఉండాలి. పక్కింటివాళ్లతో, మందుల షాపతనితో ముందే మాట్లాడి, వాళ్ల దగ్గర మీ నంబరు, మీ దగ్గర వాళ్ల నంబరు ఉంచుకోండి. వచ్చే నెల మందులు ఈ నెలాఖరుకే ఇంట్లో ఉండేలా చూడండి.

ఇక కరెంటు. ఇన్వర్టర్ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్న ఇళ్లలో అది ఎన్ని గంటలు లాగుతుందో లెక్క వేసుకున్నవి తక్కువ. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ అంటే పేరుకు 1,800 వాట్-అవర్లు. పాతబడటం వల్లా, ఇన్వర్టర్‌లోనూ పోయేది తీసేస్తే 1,200 చేతికొస్తుందనుకుందాం. 75 వాట్ల పాత ఫ్యాన్లు రెండు, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు మూడు, 10 వాట్ల రూటర్ కలిపితే 187 వాట్లు. ఆరు గంటల పైచిలుకు నడుస్తాయి. అవే ఫ్యాన్లు 30 వాట్ల బీఎల్‌డీసీ రకమైతే మొత్తం 97కు దిగుతుంది, సమయం పన్నెండు గంటలు దాటుతుంది. రెండో బ్యాటరీ కొనే ముందు ఫ్యాన్లు మార్చడం మేలు. కరెంటు పోయిన మొదటి పది నిమిషాల్లోనే టీవీ, అదనపు ఫ్యాన్లు ఆపేయాలి, ఎందుకంటే ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేని కోత ఇది. ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచితే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుందని సాధారణ లెక్క, మన ఎండల్లో అంతకంటే తక్కువే అనుకోండి.

కరెంటు ఆగితే వెనకే నీళ్లు ఆగుతాయి. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ దగ్గర్నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి దగ్గర్నుంచి వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసుకుంటూ వస్తాయి; కోదండాపూర్‌లోనో కొండపాకలోనో పంపులకు కరెంటు ఆగితే నగరంలో కుళాయిలు ఎండుతాయి. పల్లెల్లో బోరు మోటారుదీ అదే కథ. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు ఐదు లీటర్ల చొప్పున నలుగురున్న ఇంటికి మూడు రోజులకు 60 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు మూడు. ఇది పెద్ద ఖర్చేమీ కాదు, ఒక క్యాన్ ఖాళీ కాగానే ఇంకొకటి తెచ్చిపెట్టే అలవాటు చాలు. కరెంటు లేనప్పుడు ఆర్‌ఓ యంత్రమూ పనిచేయదు కాబట్టి కాచడానికి గ్యాస్, దానికి తోడు క్లోరిన్ బిళ్లలు ఉంచుకోవాలి. అపార్టుమెంట్లలో ఇది ఒక ఇంటితో తేలే పని కాదు. జనరేటర్ సంపు మోటారును లాగుతుందా, లిఫ్టును మాత్రమేనా, డీజిల్ ఎన్ని గంటలకు ఉంది, ఆ మోటారు యాప్‌తో తప్ప చేత్తో వేసే స్విచ్ లేకుండా బిగించారా? సంఘం సమావేశంలో రంగుల గురించి, పార్కింగ్ గురించి మాట్లాడే సమయంలో పావు వంతు దీనికి ఇవ్వాలి.

ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లు, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీద ఉన్నవాళ్లు ఉంటే పైన చెప్పినదంతా వాళ్ల తరవాతే. వాడకంలో ఉన్న ఇన్సులిన్ చాలా రకాలు 30 డిగ్రీల లోపు నాలుగు వారాల దాకా చెడవు, కానీ రామగుండం, రెంటచింతల ఎండల్లో గది వేడి ఆ గీత ఎప్పుడో దాటుతుంది. సీసాను మూతగట్టిన డబ్బాలో పెట్టి, తడి ఇసుకలో నిలిపిన చిన్న కుండలో ఉంచితే వేడి తగ్గుతుంది. మీరు వాడే రకం ఎంత వేడి తట్టుకుంటుందో డాక్టరును ఈ వారమే అడిగి పుస్తకంలో రాసుకోండి. కాన్సన్‌ట్రేటర్ ఉన్న ఇంట్లో కరెంటుతో పనిలేని సిలిండరు, రెగ్యులేటరు ఉండాలి. దాన్ని తెరవడం ఇంట్లో ఇద్దరికి తెలిసుండాలి.

ఇన్ని చెబితే జనం భయపడి ఎగబడరా అన్నది గట్టి అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తీసేయలేను. 2021 మే 7న అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ కంప్యూటర్లను రాన్సమ్‌వేర్ పట్టింది. పైపులకు ఏమీ కాలేదు, సంస్థే ముందుజాగ్రత్తగా ఆపి మే 12న మళ్లీ మొదలుపెట్టింది. ఈలోగా తూర్పు తీరంలో వేల బంకులు ఎండిపోయాయి, అందులో చాలా భాగం జనం ఎగబడి నింపుకోవడం వల్లే. ప్లాస్టిక్ సంచుల్లో పెట్రోల్ పట్టొద్దని ప్రభుత్వం హెచ్చరించాల్సి వచ్చింది. 2024 జనవరి 2న ట్యాంకర్ల సమ్మె వార్తకు హైదరాబాద్ బంకుల దగ్గర కిలోమీటర్ల వరసలు కట్టిన మనం అందుకు భిన్నం కాదు. 2025 మే నెలలో, సైబర్ దాడి వల్ల ఏటీఎంలు రెండు మూడు రోజులు మూసేస్తారని వాట్సాప్‌లో సందేశం తిరిగితే, అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ ప్రకటించాల్సి వచ్చింది. నా సమాధానం ఇదే: ఎగబడేది సిద్ధంగా లేని ఇల్లు. కవరులో చిల్లర, బండిలో ఎప్పుడూ సగానికి తగ్గని పెట్రోల్, మూడు క్యాన్ల నీళ్లు ఉన్న ఇంటికి ఆ సందేశం చూసి పరిగెత్తే అవసరం ఉండదు. సిద్ధపడటం తాపీగా, వస్తువులు దొరికే రోజుల్లో జరగాలి; దాడి వార్త వచ్చాక చేసేది దోపిడీతో సమానం, ఎందుకంటే అప్పుడు తీసుకున్న ప్రతి అదనపు సీసా వెనకవాడిది. వార్తకు కూడా రెండో దారి ఉండాలి. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాలు చీకటైనప్పుడు సైబర్ దాడని పుకారు లేచింది, విచారణలో అది కాదని తేలింది. ఆ రోజంతా జనం నమ్ముకున్నది బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టర్లనే. ఐదారు వందలకు దొరికే రేడియో ఒకటి కొని, మీ ఊళ్లో ఆకాశవాణి ఎక్కడ పలుకుతుందో ముల్లు తిప్పి గుర్తు పెట్టుకోండి.

ఇదంతా ప్రభుత్వం చేయవలసిన పని కాదా? బ్రేకర్ వేయడం, సర్వర్ కాపాడటం వాళ్ల బాధ్యతే, అడిగి చేయించుకోవాలి. కానీ మీ నాన్నగారి ఆక్సిజన్ సిలిండరు తెరవడానికి కరెంటు సంస్థ రాలేదు. సిద్ధంగా ఉన్న ఇల్లు ఆ గంటలో 108కి, 112కి చేసే ఒక ఫోన్ తగ్గిస్తుంది, ఆ లైను నిజంగా అవసరమైనవారికి దొరుకుతుంది. ఇంటి వైపు నుంచి ఇంకో బాధ్యత కూడా ఉంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, కంపెనీ పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన లక్షల ఇళ్ల కెమెరాలను, రూటర్లను సైన్యంగా మార్చుకుని అక్టోబరు 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టింది. మీ సీసీ కెమెరా, వైఫై రూటర్ల పాస్‌వర్డ్ మార్చడానికి పది నిమిషాలు పడుతుంది.

చేసిన ఏర్పాట్లు పనిచేస్తాయో లేదో తెలియాలంటే ఒక ఆదివారం సాయంత్రం మూడు గంటలు మెయిన్ స్విచ్ ఆపి, ఫోన్లన్నీ ఒక సొరుగులో పెట్టి గడపాలి. ఇంట్లో వైద్య పరికరం మీద ఉన్నవాళ్లుంటే ముందు వాళ్ల ఏర్పాటు చూసుకున్నాకే. అగ్గిపెట్టె ఎక్కడుందో, రేడియోలో సెల్స్ ఉన్నాయో, అమ్మమ్మ నంబరు ఎవరికి గుర్తుందో ఆ మూడు గంటల్లో బయటపడుతుంది. కాగితం మీద పెట్టుకున్న జాబితాకంటే ఆ సాయంత్రం ఎక్కువ నేర్పుతుంది. ఆరు నెలలకోసారి చేస్తే చాలు.

అన్నీ తిరిగొచ్చిన రోజు కూడా జాగ్రత్త అవసరం. దాడిలో మీ ఖాతా దెబ్బతింది, సరిచేయడానికి ఓటీపీ చెప్పండి అంటూ ఫోన్లు వచ్చేది అప్పుడే. చెప్పకండి, మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆగిపోయిన వేళ రెండుసార్లు నొక్కిన చెల్లింపులు ఉంటే పాస్‌బుక్‌తో సరిచూసుకోండి. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు ఉత్తర్వు ప్రకారం, మనిషి నుంచి మనిషికి పంపి విఫలమైన యూపీఐ డబ్బు మర్నాటికల్లా, కొట్లో చెల్లించినది, ఏటీఎంలో చేతికి రానిది ఐదు రోజుల్లో ఖాతాకు తిరిగి రావాలి. ఆ గడువు దాటితే బ్యాంకు రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి. తేదీ, సమయం, మొత్తం అప్పటికప్పుడు నోటు పుస్తకంలో రాసుకున్నవాళ్లు బ్యాంకు కౌంటరు దగ్గర ఆ పేజీ తెరిచి చూపించి అడగవచ్చు.